గట్టిగా కాదు, విడమరిచి

“అరవకు. నువ్వు మాట్లాడుతున్నావని తెలుస్తూనే ఉంది. ఏమంటున్నావో తెలియడం లేదు.”

అమ్మ ఈ మాట అన్నప్పుడు నేను వంటగది గుమ్మంలో నిలబడి, ఆమె వీపు వైపు చూస్తూ, ఒకే ప్రశ్నను మూడోసారి అడుగుతున్నాను. మొదటిసారి మామూలుగా అడిగాను, రెండోసారి గొంతు పెంచాను, మూడోసారి కేకే వేశాను. కుళాయి ధారగా పడుతోంది. ఆమె దాన్ని కట్టేసి ఇటు తిరిగింది. ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

అప్పటికి మూడేళ్లుగా మా ఇంట్లో ఆమె గురించి రెండు మాటలు తిరుగుతుండేవి. ఒకటి: “తనకు కావలసినవి బాగానే వినపడతాయి.” రెండోది: “మెల్లగా చెబితే వినపడలేదంటుంది, గట్టిగా చెబితే ఎందుకు అరుస్తావంటుంది.” ఈ రెండూ నేనూ అన్నాను, ఆమె ఎదుటే అన్నాను. పెద్దవాళ్లున్న చాలా ఇళ్లలో ఇవే మాటలు వినపడతాయి. ఇవి రెండూ తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. మొండితనమనీ చాదస్తమనీ మనం పేరు పెట్టినవాటికి కారణం లోపలి చెవిలో, మైక్రోస్కోపు లేనిదే కనిపించని చోట ఉంది. ఆ నిర్మాణం తెలిస్తే ఆ మాటలు నోట రావు.

ఆ చోటును నేను ఒకప్పుడు నా కళ్లతో చూశాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు ప్రయోగశాలలో గినీ పంది లోపలి చెవి స్లైడు ఇచ్చారు. అందులో వినికిడికి చెందిన భాగం కోక్లియా. అది నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. దాన్ని నిలువుగా కోస్తే ఒకే గొట్టం పలుచోట్ల తెగి, నడిమి స్తంభానికి అటూ ఇటూ అంతస్తులు కట్టినట్టు కనిపిస్తుంది. అంతా ఊదా, గులాబి రంగులు. చిన్న కటకం కింద నాకేమీ ప్రత్యేకంగా తోచలేదు. పెద్ద కటకానికి మార్చి సన్నమరను కాస్త తిప్పేసరికి ఒక గది నేల మీద బుల్లి త్రికోణం తేలింది. రెండు వాసాలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుంది. మధ్యలో ఖాళీ. త్రికోణానికి లోపలి వైపు ఒక కణం, బయటి వైపు వరసగా మూడు. వాటి మీదికి చూరులా వాలిన పొర. గీయండి, పేర్లు రాయండి అన్నారు. గీశాను, రాశాను, రికార్డు పుస్తకంలో సంతకం చేయించుకున్నాను. ఒకవైపు ఒకటే ఉండి మరోవైపు మూడెందుకున్నాయని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ల తర్వాత అమ్మ మాట విన్నాకే ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది.

త్రికోణాన్నీ దాని చుట్టూ ఉన్న కణాలనూ కలిపి కార్టి అవయవం అంటారు. ఇటలీకి చెందిన అల్ఫోన్సో కార్టి 1851లో దీన్ని వర్ణించాడు. ఆ కణాలు దాదాపు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి, కంటికి ఆనడానికి కార్మైన్ అనే ఎర్రరంగు అద్ది చూశాడు. ఇది ఉన్న చోటు కూడా సామాన్యమైనది కాదు. పుర్రెలో అతి గట్టిదైన ఎముక లోపల, బఠాణీ గింజంత గుల్లలో, రెండున్నర చుట్లకు పైగా తిరిగిన గొట్టంలో దాగి ఉంది. చుట్లు విప్పి చాపితే సుమారు 35 మిల్లీమీటర్లు. బతికున్న మనిషి చెవిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం కుదరదు, తీస్తే ఆ చెవి పోతుంది. కాలేయం, చర్మం గురించి వైద్యుడు చెప్పగలిగినంత నిక్కచ్చిగా లోపలి చెవి గురించి చెప్పలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది, మూడు బుల్లి ఎముకలు ఆ కదలికను లోపలి ద్రవానికి అందిస్తాయి. ఇంతవరకు అందరం బడిలో చదివిందే. ద్రవంలో పుట్టిన అల, కణాలు కూర్చున్న బేసిలార్ పొర వెంట పరుగెత్తుతుంది. ఆ పొర మొదట్లో ఇరుకుగా, బిగువుగా ఉంటుంది. కొసకు పోయేకొద్దీ వెడల్పై వదులవుతుంది. అందుకే కీచు శబ్దాలు మొదట్లోనే పొరను ఊపి ఆగిపోతాయి, బొంగురు శబ్దాలు కొసదాకా వెళతాయి. ఒక చివర 20,000 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు, మరో చివర 20. ప్రతి స్థాయికీ పొర మీద ఒక చోటుంది.

అల వచ్చి తాకే కణాలకు రోమ కణాలని పేరు. పేరు చూసి వెంట్రుకలనుకోవద్దు. కణం నెత్తి మీద సన్నని కడ్డీల గుంపు ఉంటుంది. పొట్టివి ముందు, వాటి వెనక పొడుగువి, ఇంకా వెనక మరీ పొడుగువి. మెట్ల వరసలా ఉంటుంది. 1984లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. ప్రతి పొట్టి కడ్డీ కొస నుంచి పక్కనున్న పొడుగు కడ్డీ ఒంటికి ఒక దారం కట్టి ఉంది. దాని పొడవు మిల్లీమీటరులో ఐదారు వేల వంతు. కడ్డీల గుంపు పొడుగు వైపు వాలితే దారం బిగుస్తుంది, దాని కింది అంచున ఉన్న ద్వారం తెరుచుకుంటుంది, పొటాషియం అయాన్లు లోపలికి దూకుతాయి. తలుపు గొళ్లేనికి దారం కట్టి లాగినట్టే. వాసన, తీపి, చేదు తెలియాలంటే కణంలో రసాయనిక చర్యల గొలుసు నడవాలి. ఇక్కడ అలాంటి గొలుసు లేదు, లాగితే తెరుచుకుంటుంది. అందుకే వినికిడి అంత వేగం. వినపడీ వినపడని శబ్దానికి ఈ గుంపు వాలేది ఒక నానోమీటరు లోపే, అంటే కొన్ని పరమాణువుల వెడల్పంత. ఈ సంగతి నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ కాసేపు ఆగిపోతాను.

అయాన్లు అంత ఆత్రంగా దూకడానికి ఏర్పాటు కూడా ఉంది. రోమ కణాల నెత్తిని తడిపే ద్రవం అంతరలసిక. ఒంట్లో కణాల బయట ఉండే ద్రవాల్లో సాధారణంగా సోడియం ఎక్కువ. ఇందులో మాత్రం పొటాషియం ఎక్కువ, పైగా సుమారు 80 మిల్లీవోల్టుల ధన ఆవేశం. దాన్ని నిలబెట్టడానికి గొట్టం పక్క గోడలో రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న కణజాలం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. రోమ కణాల మధ్యకు మాత్రం రక్తనాళాలు రావు. పరమాణువులంత కదలికను పసిగట్టే చోట నాడి కొట్టుకుంటూ ఉంటే మన రక్తం చప్పుడే మనకు వినపడుతుందని కొందరు శాస్త్రవేత్తలు దీనికి కారణం చెబుతారు. నాకది సబబుగానే తోస్తుంది.

ఇప్పుడు నా రికార్డు పుస్తకంలోని ఒకటి, మూడు దగ్గరికి వస్తాను.

గొట్టం పొడవునా లోపలి వైపు ఒకే వరస, సుమారు 3,500 కణాలు. బయటి వైపు మూడు వరసలు, సుమారు 12,000 కణాలు. రెండూ కలిపినా ఒక చెవికి పదహారు వేలు మించవు. కంటి వెనక తెరలో కాంతిని పట్టే కణాలు పది కోట్లకు పైనే ఉంటాయి. ఇంత పొదుపైన చోట, మెదడుకు వార్త మోసే నాడీ తంతువుల్లో 95 శాతం దాకా ఆ లోపలి ఒక్క వరసకే అంటుకుని ఉన్నాయి. మూడు వరసల వాళ్లకు దక్కింది మిగతా ఐదు శాతం. వినేది ఒక వరసే అయితే మిగిలిన మూడు వరసలు ఎందుకు?

దీని జవాబు కోసం శాస్త్రం చాలాకాలం తడుముకుంది. కోక్లియాలో అల ఎలా నడుస్తుందో చూపినందుకు గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చూసినవి చనిపోయినవారి చెవులు. వాటిలో అల విశాలంగా, మొద్దుగా ఉండేది. పక్కపక్క స్వరాలను మనిషి విడదీయగలిగేంత పదును ఆ అలలో లేదు. ఆ పదును చెవి దాటాక నాడుల్లో వస్తుందేమో అనుకున్నారు. 1948లోనే థామస్ గోల్డ్ అనే శాస్త్రవేత్త ఇంకో మాట అన్నాడు. చెవి ఊరికే ఊగే పొర కాదు, సొంత శక్తి ఖర్చుపెట్టి కదలికను పెంచుకునే యంత్రమై ఉండాలని. ఎవరూ పట్టించుకోలేదు. 1970ల మొదట్లో విలియం రోడ్ బతికున్న కోతుల్లో కొలిచి చూస్తే, చిన్న శబ్దాలకు పొర దామాషా కంటే ఎంతో ఎక్కువ ఊగుతోందనీ, ప్రాణం పోగానే ఆ గుణం పోతోందనీ తేలింది. 1978లో డేవిడ్ కెంప్ చెవి గొట్టంలో సూక్ష్మమైన మైకు పెట్టి, లోపలి చెవే తిరిగి శబ్దం చేస్తోందని రుజువు చేశాడు. గోల్డ్ చెప్పింది నిజమైంది. పుట్టిన ఒకటి రెండు రోజులకే పిల్లలకు చేసే వినికిడి పరీక్షల్లో ఒకటి ఈ శబ్దాన్నే వెతుకుతుంది.

ఆ యంత్రం మరేదో కాదు, బయటి మూడు వరసలే. బయటి రోమ కణం ఒంటి గోడలో ప్రెస్టిన్ అనే ప్రొటీను కిక్కిరిసి ఉంటుంది. కణంలో విద్యుత్తు మారినప్పుడల్లా ఆ ప్రొటీను ఆకారం మార్చుకుంటుంది, కణం మొత్తం పొట్టిగా, పొడుగుగా అవుతూ ఉంటుంది. సెకనుకు వేలసార్లు అవుతుంది. ఈ కదలికను 1985లో విలియం బ్రౌనెల్ బృందం, ప్రొటీనును 2000లో పీటర్ డాలోస్ బృందం వెల్లడించాయి. ఊయల వెనక్కి వచ్చినప్పుడు సరిగ్గా అదే క్షణంలో చేత్తో తోస్తే ఎలా ఊపందుకుంటుందో, ఈ కణాలు పొరను అలా తోస్తాయి. అలా తోసి చిన్న శబ్దాన్ని 40 నుంచి 60 డెసిబెల్స్ దాకా పెంచుతాయి (డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతకు కొలమానం). కదలిక లెక్కలో అది నూరు నుంచి వెయ్యి రెట్లు. పెద్ద శబ్దం వస్తే తోయవు, అక్కర్లేదు. ఏ చోట తోయాలో అక్కడే తోస్తాయి కాబట్టి అల మొద్దుగా పరుచుకోకుండా ముల్లులా నిలబడుతుంది. బొంగురు గొంతు పక్కనున్న సన్నని ధ్వని విడిగా తెలిసేది ఆ ముల్లు వల్లే.

వయసు వల్లనో, ఎడతెగని మోత వల్లనో, కొన్ని మందుల వల్లనో లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చాలా సందర్భాల్లో ముందుగా పోయేవి ఈ బయటి కణాలే. అందులోనూ కీచు శబ్దాలు అందుకునే మొదటి చుట్టులోవి. పోతే మళ్లీ రావు. పక్షుల్లో మళ్లీ మొలుస్తాయని 1980ల చివరలో తేలింది, మనకు ఆ అదృష్టం లేదు. తల్లి కడుపులో ఉండగా ఏర్పడినవే చివరిదాకా.

అవి పోయిన చెవికి ఏమవుతుంది? చిన్న శబ్దాలు పెరగవు కనుక అందవు. పెద్ద శబ్దాలకు మొదటి నుంచీ తోడ్పాటు లేదు కనుక అవి ఎప్పటిలాగే, ఎప్పటంత పెద్దగానే అందుతాయి. వినపడని దానికీ చెవులు చిల్లులు పడేదానికీ మధ్య ఉండే విశాలమైన చోటు కుంచించుకుపోతుంది. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే చెవిలో గుచ్చుకుంటుంది. అమ్మ చెప్పిన రెండు మాటలూ అక్షరాలా నిజం. వాటిని పక్కపక్కన పెట్టి చాదస్తం అన్నది మేము. పదును పోయిన అల మళ్లీ బెకెషీ చూసిన మొద్దు అలలా పరుచుకుంటుంది. నేను గొంతు పెంచితే ఆ మొద్దు అల పెద్దదవుతుంది తప్ప పదునెక్కదు.

మన భాషలో ఈ ఇబ్బంది ఇంకో తీరుగా బయటపడుతుంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అచ్చుల్లో బలమెక్కువ, వాటి బలం చాలావరకు కింది స్థాయిల్లో ఉంటుంది. మొదటి చుట్టు దెబ్బతిన్నా అవి చక్కగా అందుతాయి. అంటే వాక్యం లయ, ఎత్తుపల్లాలు, మాట్లాడేవాడి కోపతాపాలు, అడుగుతున్నాడా చెబుతున్నాడా అన్నది, అన్నీ తెలుస్తాయి. తెలియనివి హల్లులు. స, శ, చ, త వంటి ధ్వనుల బలం ఎక్కువగా పై స్థాయిల్లో, రెండు వేల హెర్ట్జ్ దాటాక ఉంటుంది. కాలు, పాలు, చాలు, తాలు. నాలుగూ నాలుగు మాటలు. మొదటి హల్లు తీసేయండి, నాలుగూ ఒకటే. అమ్మకు అందేది ఆ మిగిలిన ‘ఆలు’. ఏ మాటో ఆమె సందర్భాన్ని బట్టి, నా పెదవులను బట్టి పోల్చుకోవాలి. నేను వీపు వెనక నుంచి అడిగితే పెదవుల సాయం కూడా పోతుంది. కేక వేస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు వాటి కింద ఇంకా నలిగిపోతాయి. గొంతు పెంచినకొద్దీ నేను ఆమె పనిని ఇంకా కష్టం చేశాను.

తెలుగులో ‘చెవిన పడటం’ వేరు, ‘చెవికెక్కడం’ వేరు. శరీర నిర్మాణం ఎవరికీ తెలియని కాలంలోనే మన పెద్దలు ఆ తేడా పట్టుకున్నారు. కానీ చెవికెక్కకపోతే దాన్ని మనిషి నిర్లక్ష్యం కింద జమకట్టడం కూడా అలవాటు చేసుకున్నాం. ‘పెడచెవిన పెట్టడం’ అంటాం. చెవిన పడి, చెవికెక్కని మాటకు మధ్యలో రోమ కణాలున్నాయి, నాడీ తంతువులున్నాయి. అవి పోయిన మనిషి దేన్నీ పెడచెవిన పెట్టడం లేదు.

ఇక మొదటి నింద: “కావలసినవి బాగానే వినపడతాయి.” అమ్మను పరీక్షకు తీసుకెళ్లాం. గాలి కూడా చప్పుడు చేయని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం వినిపించారు. వినపడితే మీట నొక్కాలి. “వయసుకు తగ్గట్టే ఉంది, కంగారు పడాల్సిందేమీ లేదు” అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో అందరం మళ్లీ ఆమె వైపే వేలు చూపించాం. పరీక్షలో అబద్ధం లేదు. అయితే నిశ్శబ్దంలో ఒంటరి స్వరం వినగలగడమే వినికిడి అన్నట్టు ఆ పరీక్షను నమ్ముకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. మనం బతికేది నిశ్శబ్దపు గదిలో కాదు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట.

లోపలి వరసలోని ఒక్కో కణానికి పది నుంచి ఇరవై నాడీ తంతువులు అంటి ఉంటాయి. అవి అంటే చోటే సినాప్స్. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే పరిశోధకులు ఎలుకలకు రెండు గంటల పాటు పెద్ద మోత వినిపించారు. కొద్దికాలం వినికిడి మందగించి, తర్వాత పూర్తిగా కోలుకుంది. రోమ కణాలన్నీ ఉన్నాయి. మామూలు పరీక్షకు ఆ చెవులు పరిపూర్ణం. కానీ కీచు శబ్దాల ప్రాంతంలో సినాప్సులు సగం దాకా పోయాయి, తిరిగి రాలేదు. ఒక స్వరం వినపడిందా లేదా అని చెప్పడానికి మిగిలిన తంతువులు చాలు. రణగొణలో ఒక గొంతును పట్టుకోవడానికి ఎన్ని తంతువులుంటే అంత మేలు. చనిపోయాక దానమిచ్చిన మనుషుల చెవుల్లో చూసినా, వయసు మీదపడే కొద్దీ నాడీ తంతువుల నష్టం రోమ కణాల నష్టాన్ని మించి ఉంది. బతికున్న మనిషిలో ఈ నష్టాన్ని నేరుగా కొలిచే పరీక్ష ఇంకా స్థిరపడలేదు. అయితే చప్పుడు మధ్య మాటలు వినిపించి ఎన్ని సరిగా తిరిగి చెబుతున్నారో చూసే పరీక్షలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వినపడడం లేదని వచ్చిన ప్రతి పెద్దమనిషికీ అది చేయాలి. అది చేయకుండా బాగానే ఉందని పంపేస్తే, ఆ మాట ఇంట్లో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. మా ఇంట్లో అయింది.

ఇద్దరమే ఎదురెదురుగా కూర్చుంటే అమ్మకు అన్నీ తెలుస్తాయి. పదిమంది చేరితే ఏదీ తెలియదు. మేము దాన్ని ఇష్టాయిష్టాలుగా చదివాం.

వినికిడి యంత్రం పెట్టించవచ్చు కదా అంటారు. పెట్టించాలి, ఆలస్యం చేయకుండా పెట్టించాలి. మంచి యంత్రం చిన్న శబ్దాన్ని ఎక్కువగా, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది. పోయిన కణాలు చేసే పనిలో సగాన్ని అది అనుకరిస్తుంది. రెండో సగాన్ని, పదును పెట్టడాన్ని, అది తిరిగి ఇవ్వలేదు. కళ్లజోడు పెట్టుకోగానే అక్షరం కుదురుకున్నట్టు ఇది కుదురుకోదు, వారాలు పడుతుంది. ఆ తేడా తెలియని ఇళ్లలో “యంత్రం ఉంది కదా, ఇంకా ఏమిటి” అనే మూడో నింద మొదలవుతుంది. పెట్టుకున్న పెద్దవాళ్లు విసుగెత్తి దాన్ని సొరుగులో పడేయడానికి ఈ నింద కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

వయసుతో వచ్చేదే కదా, ఇంత చర్చ ఎందుకు అనేవారికి ఒక మాట. ఇది వయసొక్కటే తెచ్చేది కాదు. వంద కోట్లకు పైగా యువత మోత వల్ల వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు హద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర అది 15 నిమిషాలే. మోతలోంచి ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మని, మర్నాటికి తగ్గిపోతే ఏమీ కాలేదనుకుంటాం. ఆ ఎలుకలకూ తగ్గిపోయింది.

మా ఇంట్లో ఇప్పుడు కుళాయి కట్టేసి మాట్లాడతాం. ముందు పిలిచి, ఆమె ఇటు తిరిగాక, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, మామూలు గొంతుతో, మాటకూ మాటకూ మధ్య కాస్త విడుపు ఇస్తూ చెబుతాం. అర్థం కాకపోతే అదే వాక్యం మళ్లీ చెప్పం, వేరే మాటల్లో చెబుతాం.

కిందటి నెల అటక మీద పాత పెట్టెలో నా రికార్డు పుస్తకం దొరికింది. గులాబి పెన్సిలు రంగు వెలిసిపోయింది, త్రికోణం మాత్రం స్పష్టంగా ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని ఆ పుట ఆమె ఒళ్లో పెట్టాను. లోపలిది ఏం చేస్తుందో, బయటి మూడూ ఏం చేస్తాయో చెప్పాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, ఆ మూడు కణాల మీద వేలు పెట్టింది.

“నాకు పోయినవి ఇవేనా?”

“ఎక్కువగా ఇవే అయ్యుంటాయి.”

వేలు లోపలికి జరిపింది. “ఇది?”

“అది ఉన్నట్టే ఉంది. కాబట్టే నా మాట వింటున్నావు.”

ఆమె బొమ్మను ఇంకాసేపు చూసింది. “పక్కనున్న ఈ పొర సంగతి చెప్పలేదు నువ్వు,” అంది, “ఇందాకటిలాగే చెప్పు.”